ఇంటి నుంచే నర్సింగు పట్టా

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో విద్య గురించి చెప్పమని కార్యదర్శి గారు మాకు పది నిమిషాలు ఇస్తారు. మేము పదవ తరగతి ఫలితాలు చదివి, ఆడపిల్లలను మధ్యలో బడి మానిపించవద్దని మనవి చేసి దిగిపోతాము. అప్పటికి వెనుక దేగ్ మూత తీసిన వాసన వస్తూ ఉంటుంది. ఎవరూ పెద్దగా వినరు, మేమూ నొచ్చుకోము. ఈసారి మాత్రం కొంచెం ఎక్కువ సమయం అడిగి తీసుకున్నాము. ఎందుకంటే ఈసారి చెప్పవలసినది ఇతరుల తప్పు కాదు, మేము చేసిన తప్పు.

మా ఉర్దూ బడిలో పదవ తరగతి వరకు చదివిన ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పము. తండ్రి టైలరు. ఇంటర్మీడియట్‌లో సి.ఇ.సి. తీసుకుంది. ఆ తరువాత మూడేళ్ళు జి.ఎన్.ఎం. చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేరింది. పెళ్ళయింది, ఒక పాప. భర్త వెల్డింగ్ పని చేస్తాడు. మంచి కుర్రవాడు. భార్య నైట్ డ్యూటీకి వెళ్ళే రోజుల్లో తనే దింపి వస్తాడు, తనే పాపకు అన్నం పెడతాడు.

ఒక రాత్రి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో ఒక ప్రకటన. ఇంటి దగ్గర నుంచే ఆన్‌లైన్‌లో ఎం.ఎస్సీ. నర్సింగు, ఐదు స్పెషాలిటీలలో ఏది కావాలంటే అది, ఒక్క ఏడాదిలో పూర్తి, సెలవు పెట్టనక్కర లేదు. "మాస్టర్ సాబ్, అంతా ఇంగ్లీషులో ఉంది. మీరు చదివి చెప్పండి, నమ్మవచ్చునా?" అన్నాడు ఆ అబ్బాయి. మేము కళ్ళజోడు పెట్టుకొని చదివాము. 'ఇంటర్నేషనల్' అన్న మాట నాలుగు చోట్ల ఉంది. బంగారు రంగు ముద్ర ఉంది. పెద్ద భవనం బొమ్మ ఉంది. "బాగానే ఉందయ్యా, చేరండి" అన్నాము. వాళ్ళు మా మాట మీద గొలుసు తాకట్టు పెట్టారు. రెండు వాయిదాలలో నలభై ఎనిమిది వేలు కట్టారు.

మేము ఎందుకు అంత సులువుగా నమ్మామో కూడా చెప్పాలి. మేము స్వయంగా దూరవిద్య తిన్న ఉప్పు మరచిపోలేని వాళ్ళం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన ఉమ్మడి రాష్ట్రంలోనే, ఇప్పుడు దానికి అంబేడ్కర్ గారి పేరు ఉంది. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చాక, మా బోటి వాళ్ళం ఎందరమో ఉద్యోగం చేసుకుంటూ, పోస్టులో వచ్చిన పుస్తకాలు రాత్రుళ్ళు చదివి డిగ్రీ తెచ్చుకున్నాము. ఆ కాగితంతోనే మా ప్రమోషను. అందుచేత ఇంటి దగ్గర చదువు అంటే మా మనసు ముందే మొగ్గుతుంది. చరిత్ర, సాహిత్యం పుస్తకంతో వస్తాయి గాని, రోగి చేయి పట్టుకొని నరం వెతకడం పుస్తకంతో రాదని ఆ రాత్రి మాకు తట్టలేదు. గోదావరి గట్టున కూర్చొని ఈత పుస్తకం చదివినవాణ్ణి రేవులో దింపితే ఏమవుతుందో మనకు తెలియనిదా!

ఆ అమ్మాయి ఏడాది పాటు ఫోన్లో పాఠాలు విన్నది. పరీక్ష కూడా ఫోన్లోనే. చివర కొరియరులో ఒక సర్టిఫికెట్టు వచ్చింది. దానిని పట్టుకొని ఒక కాలేజీలో ట్యూటరు ఉద్యోగానికి వెళ్ళింది. అక్కడ కాగితాలు చూసిన గుమాస్తా ఒకే మాట అడిగాడట. "అమ్మా, మీకు బి.ఎస్సీ. ఏదీ? బి.ఎస్సీ. లేకుండా ఎం.ఎస్సీ. ఎట్లా ఇచ్చారు?"

చూశారా! పదవ తరగతి పిల్లవాడికైనా తట్టవలసిన ప్రశ్న. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన మాకు తట్టలేదు. కట్టించుకున్న వాళ్ళ ఫోను అప్పటికే మూగబోయింది. ఆ అమ్మాయి ఏడవలేదు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. సర్టిఫికెట్టు తెచ్చి మా బల్ల మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి మాస్టర్ సాబ్, మా అత్తగారి కంట పడితే మళ్ళీ గొలుసు మాట వస్తుంది" అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాత మేము ఊరుకోలేకపోయాము. నర్సింగు కాలేజీలలో పాఠాలు చెప్పేవారిని, ఆసుపత్రుల్లో సీనియర్ సిస్టర్లను, గల్ఫులో పనిచేసి వచ్చిన వారిని, అమెరికాలో నర్సుగా ఉన్న మన వైపు అమ్మాయి ఒకరిని అడిగి తెలుసుకున్నాము. నిబంధనలు తెప్పించి చదివాము. చదివితే తేలింది ఏమంటే, ఆ ప్రకటనలోని మాటలు గాలిలో పుట్టినవి కావు. అటువంటి చదువు నిజంగానే ఉన్నది. కాని అది ఉన్న చోటు వేరు, ఉన్న తీరు వేరు.

అమెరికాలో కెంటకీ అనే కొండల రాష్ట్రం ఉంది. అక్కడ 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే ఆమె కొండ పల్లెల కోసం ఒక నర్సుల సేవాసంస్థను స్థాపించింది. దారులు లేవు, డాక్టర్లు లేరు. నర్సులు గుర్రాలెక్కి, వాగులు దాటి వెళ్ళి కాన్పులు చేసేవారు. మన కోనసీమ లంకల్లో వరదలప్పుడు సిస్టరమ్మలు నాటు పడవలో వెళ్ళడం చూసినవారికి ఇది వింతగా తోచదు. 1939లో వాళ్ళే మంత్రసాని విద్యకు ఒక బడి పెట్టారు. 1980ల చివరకు వచ్చేసరికి, ఉద్యోగాలు, పిల్లలు ఉన్న నర్సులు ఊరు విడిచి రాలేరని గ్రహించి, చదువునే వాళ్ళ ఊరికి పంపే పద్ధతి మొదలుపెట్టారు. ఆ బడే ఈనాడు ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీ. అటువంటివి ఇప్పుడు ఆ దేశంలో చాలా ఉన్నాయి. కుటుంబ వైద్యసేవ, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సేవ, మంత్రసాని విద్య, నర్సింగు బోధన, ఆసుపత్రి పాలన, ఇలా ఎవరికి కావలసిన శాఖ వారు ఎంచుకోవచ్చు.

అయితే చేరేది ఎవరు? ముందే నర్సుగా లైసెన్సు ఉండి, ఆసుపత్రిలో పనిచేస్తున్నవారు. ఇంటి దగ్గర చదివేది ఏమిటి? పుస్తకం పాఠం వరకే. రోగి దగ్గర నేర్చుకోవలసినది ఎక్కడ? తమ ఊరి ఆసుపత్రిలోనే, అనుభవం గల ఒకరి కళ్ళ ముందు, గంటలు లెక్కపెట్టి. నర్స్ ప్రాక్టీషనరు చదువుకు రోగి సేవలో కనీసం 500 గంటలు ఉండాలని ఇదివరకు లెక్క ఉండేది. 2022లో వచ్చిన ప్రమాణాలు దానిని 750 గంటలకు పెంచాయి. ఫోను వచ్చాక గంటలు తగ్గలేదు, పెరిగాయి. ఈ ఒక్క సంగతి మాకు ముందే తెలిసి ఉంటే ఆ గొలుసు మెడలోనే ఉండేది.

ఆ అమెరికా చదువు రాజమండ్రిలో కూర్చొని చేయవచ్చునా అని కొందరు అడుగుతున్నారు. రోగి సేవకు సంబంధించిన ఆ కోర్సులకు సాధారణంగా అక్కడి లైసెన్సు కావాలి. దానికి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష ఉంది. ఆ పరీక్ష హైదరాబాదులో కూడా వ్రాయవచ్చు. మన తెలుగు నర్సులు అది ప్యాసై, అక్కడికి వెళ్ళి, ఉద్యోగం చేసుకుంటూ ఈ ఆన్‌లైన్ పై చదువులు చదువుతున్నారు. అంటే వరుస అది. ముందు నర్సు, తరువాత లైసెన్సు, తరువాత ఉద్యోగం, ఆ తరువాత ఇంటి నుంచి పై చదువు. మాకు చూపించిన ప్రకటన ఈ నిచ్చెనకు మొదటి మూడు మెట్లు తీసేసి నాలుగో మెట్టు అమ్మింది.

ఇక మన దేశపు సంగతి. ఇక్కడ నర్సింగు చదువులకు ప్రమాణాలు పెట్టేది 1947 చట్టంతో ఏర్పడిన భారత నర్సింగు కౌన్సిల్. ఎం.ఎస్సీ. నర్సింగు రెండేళ్ళ రెగ్యులర్ చదువు. ఆన్‌లైన్‌లో గాని, దూరవిద్యలో గాని కౌన్సిల్ దానిని ఒప్పుకోదు. విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ సంఘం వారు కూడా 2020 నిబంధనలలో, ఈ రెండు పద్ధతుల్లో నడపకూడని చదువుల జాబితాలో నర్సింగును చేర్చారు. ప్రకటనలోని ఐదు స్పెషాలిటీలు మాత్రం నిజమైనవే. మెడికల్ సర్జికల్, పిల్లల నర్సింగు, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్. అబద్ధాన్ని నిజం పేర్లతో చుట్టి ఇస్తే మాస్టర్లే మోసపోతారు, వెల్డింగు చేసే కుర్రవాణ్ణి ఏమంటాము?

ఎం.ఎస్సీ.లో చేరాలంటే బి.ఎస్సీ. నర్సింగు గాని, పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. గాని ఉండాలి. మార్కులు యాభై ఐదు శాతం, ఒక ఏడాది పని అనుభవం కావాలి. జి.ఎన్.ఎం. చేసినవారు మధ్యలో పోస్ట్ బేసిక్ అనే రెండేళ్ళ వంతెన దాటాలి.

ఈ వంతెన దగ్గరే ఉద్యోగస్తులైన నర్సులకు ఒక కిటికీ ఉన్నది. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనం ఇగ్నో అంటాము, 1994లో పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగును దూరవిద్యగా మొదలుపెట్టింది. దూరవిద్యలో కౌన్సిల్ గుర్తించినది ఈ ఒక్కటే. దీనికి జి.ఎన్.ఎం. పూర్తిచేసి, నర్సుగాను మంత్రసానిగాను రిజిస్టరై, సర్వీసులో ఉండి, రెండేళ్ళ అనుభవం ఉండాలి. ఎంట్రన్సు వ్రాయాలి. చదువు కనీసం మూడేళ్ళు. అది కూడా పూర్తిగా ఇంటి దగ్గర కాదు. కేటాయించిన స్టడీ సెంటరుకు వెళ్ళి ప్రాక్టికల్స్ చేయాలి, హాజరు లెక్క ఉంటుంది. నిబంధనలు మారుతూ ఉన్నవి కనుక, ఏ సంవత్సరం చేరదలచితే ఆ సంవత్సరం నోటిఫికేషను చూసుకున్న తరువాతే ఫీజు మాట. ఎవరో పంపిన పాత కాగితం చూసి కాదు.

స్పెషాలిటీ మీద మనసు ఉండి, డిగ్రీల దాకా ఆగలేనివారికి ఇంకొక దారి ఉంది. మన వాళ్ళలో ఎవరికీ తెలిసినట్టు లేదు. జి.ఎన్.ఎం. చేసినవారు కూడా ఒక ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చేయవచ్చు. ఆపరేషన్ థియేటరు, క్రిటికల్ కేర్, పసికందుల సంరక్షణ, క్యాన్సరు సేవ, ఇట్లా శాఖలు ఉన్నవి. ఆసుపత్రిలో ఉండి నేర్చుకునే చదువే. నెలల బిడ్డను గాజుపెట్టెలో పెట్టి బ్రతికించే చోట పని నేర్చిన నర్సుకు ఏ ఊళ్ళోనైనా గిరాకీ. మొన్న ఒక సీనియర్ సిస్టరు మాతో అన్నారు, "మాస్టారూ, కాగితం మీద ఎం.ఎస్సీ. ఉన్న అమ్మాయి కంటే వెంటిలేటరు దగ్గర ఏడాది నిలబడిన అమ్మాయి నాకు కావాలి" అని. ఆమెకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు.

ఆన్‌లైన్ పనికిరాదని మేము చెప్పడం లేదు. 2017లో కేంద్రం పెట్టిన స్వయం అనే వేదికలో ఉచితంగా ఎన్నో పాఠాలు ఉన్నవి. 2020లో కోవిడు వచ్చినప్పుడు దేశమంతటా నర్సులకు శిక్షణ ఇచ్చింది ఫోన్ల మీదనే. చదివినది నెమరువేసుకోవడానికి, ఇంగ్లీషు బాగుచేసుకోవడానికి, ఎంట్రన్సుకు తయారు కావడానికి అది మంచి తోడు. పట్టా అమ్మే అంగడిగా వచ్చినప్పుడే జాగ్రత్త పడాలి.

ఇప్పుడు మా బడి గురించి రెండు మాటలు. తల్లిదండ్రులు కొంచెం చెవి ఇవ్వాలి. ఆ అమ్మాయి నేరుగా బి.ఎస్సీ.లో చేరి ఉంటే ఈ వంతెనల గొడవే ఉండేది కాదు. ఎందుకు చేరలేదు? నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగుకు ఇంటర్‌లో బై.పి.సి. కావాలి. మన ఉర్దూ మీడియం ఆడపిల్లలు పదవ తరగతి కాగానే సి.ఇ.సి. వైపు నడుస్తారు. ఇంగ్లీషులో సైన్సు అంటే భయం, కాలేజీ దూరం, బై.పి.సి. ఫీజు ఎక్కువ. మేమూ "ఎందుకులే అమ్మా కష్టం" అని సి.ఇ.సి. ఫారాలే నింపి ఇచ్చిన రోజులున్నాయి. జి.ఎన్.ఎం.కు ఆర్ట్స్ వారూ అర్హులే, అది మంచిదే, ఆ తలుపు ఉండబట్టే ఆ అమ్మాయి నర్సయింది. కాని పదహారేళ్ళ వయసులో మనం నింపిన ఆ ఒక్క గడి, తరువాత ఆమె జీవితంలో మూడేళ్ళు, నాలుగేళ్ళు తింటున్నది. సైన్సు మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఎనిమిదవ తరగతి నుంచే ఇంగ్లీషు పదాలు ఉర్దూతో పాటు చెప్పడం ఈ సంవత్సరం మా బడిలో మొదలుపెట్టాము. దిల్ అని చెప్పి హార్ట్ అని, హృదయం అని మూడూ బోర్డు మీద వ్రాస్తున్నాము. పిల్లలకు మూడు భాషలు బరువు అనుకున్నాము, వాళ్ళకు అది ఆటగా ఉంది.

ఇంకొక అడ్డం ఉంది, దానిని గురించి మనం సభల్లో మాట్లాడము. నర్సు ఉద్యోగమంటే మన ఇళ్ళలో పెదవి విరుపు. రాత్రి డ్యూటీ, మగ రోగులు, సంబంధాలు రావని భయం. సరే, ఒక మాట అడుగుతాము. మన ఇంటి ఆడవాళ్ళ కాన్పుకు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే మనం అడిగేది ఏమిటి? "లేడీ డాక్టరు ఉన్నారా, లేడీ నర్సు ఉన్నారా?" ఆ నర్సు మాత్రం ఎవరింటి ఆడపిల్లో అయి ఉండాలి, మన ఇంటి పిల్ల కాకూడదు. ఇది ఏమి న్యాయం? మన రాజమండ్రిలో 1911లో లూథరన్ మిషన్ వారు స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి పెట్టారు. మిషన్ ఆసుపత్రులలో తమ ఆడపిల్లలకు నర్సు పని నేర్పించిన కుటుంబాలలో ఈనాడు మూడు తరాల చదువు ఉంది. మనం అప్పుడు రోగులుగా వెళ్ళాము, ఇప్పటికీ రోగులుగానే వెళుతున్నాము.

మన పెద్దలకు కొత్త సంగతి కూడా కాదు. ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ మాజ్‌ను రుఫైదా గారి గుడారంలో ఉంచి సేవ చేయించిన వృత్తాంతం మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఢిల్లీలో జామియా హమ్దర్ద్ వారి నర్సింగు కాలేజీకి ఆమె పేరే పెట్టారు. అక్కడ ఎం.ఎస్సీ. నర్సింగు కూడా ఉంది. మన ఊరి నుంచి ఢిల్లీ పంపడం కష్టమే, మాకు తెలుసు. కాని కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది. 2023లో రాజమండ్రిలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో మంచాలు పెరిగే కొద్దీ నర్సులు కావాలి. పల్లె ఆరోగ్య కేంద్రాలలో ఎం.ఎల్.హెచ్.పి.లుగా తీసుకున్నది బి.ఎస్సీ. నర్సింగు చదివిన వారినే. పగటి ఉద్యోగం, సొంత జిల్లా. సంబంధాల సంగతి అంటారా, ఆ వెల్డింగు కుర్రవాడి తమ్ముడికి ఇప్పుడు నర్సు పిల్లే కావాలట! వాళ్ళ అమ్మగారే చెప్పారు.

ఆ అమ్మాయి ఏం చేస్తున్నదని అడుగుతారు. అదే నర్సింగ్ హోమ్‌లో ఉంది. కాకినాడ వెళ్ళి రెగ్యులర్‌గా రెండేళ్ళు పోస్ట్ బేసిక్ చేయాలంటే జీతం పోతుంది, పాపను ఎవరు చూడాలి? అందుచేత ఇగ్నో నోటిఫికేషను కోసం కాచుకొని ఉంది. డ్యూటీ లేని సాయంత్రాలు మా ఇంట్లో మా అమ్మాయితో కూర్చొని చదువుకుంటుంది. పాత సంగతి మేము ఎత్తబోతే "ఈసారి ఫారం నేను చదువుతాను, మీరు వినండి మాస్టర్ సాబ్" అన్నది. అలాగే చేస్తున్నాము. గొలుసు ఇంకా విడిపించలేదు. వడ్డీలో సగం మేము కడుతున్నాము. అది దానం కాదు, మా వాటా.

చివరగా కార్యవర్గం వారికి ఒక మనవి. సంఘం స్కాలర్‌షిప్పులు ఇప్పుడు బడి పుస్తకాలకు, ఇంటర్ ఫీజులకు మాత్రమే ఇస్తున్నారు. ఉద్యోగం చేస్తూ పై చదువుకు వెళ్ళే నర్సులకు ఎంట్రన్సు ఫీజు, కౌన్సిల్ రిజిస్ట్రేషను ఫీజు వరకైనా అప్పుగా ఇవ్వాలని తీర్మానం పుస్తకంలో వ్రాసుకోవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాము. ఇకమీదట ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత మేము, ఒక రిటైర్డ్ సిస్టరు గారు సంఘం ఆఫీసులో కూర్చుంటాము. ఏ చదువుకైనా సరే, డబ్బు కట్టకముందే ప్రకటన తీసుకురండి. కాలేజీ పేరు కౌన్సిల్ జాబితాలో ఉన్నదా లేదా అక్కడికక్కడే చూసి చెబుతాము. పిల్ల మార్కుల జాబితా, రిజిస్ట్రేషను కాగితం ఉంటే అవీ తెండి. ఆ సర్టిఫికెట్టు కూడా బల్ల మీద పెడతాము, నకిలీది ఎలా ఉంటుందో అందరూ చూడవచ్చు. పేరున్న చోట తెల్ల కాగితం అతికించాము.

ఖుదా హాఫిజ్.